అడుగుకు 40 రూపాయలన్నవాళ్లు ఏం వదిలేశారు?

ప్రశ్న: హనుమకొండలో 240 గజాల్లో జీ ప్లస్ వన్ ఇల్లు అనుకుంటున్నాం, రెండంతస్తులూ కలిపి 2,800 చదరపు అడుగులు. ఒక ఆర్కిటెక్టు అడుగుకు 40 రూపాయలన్నారు, ఇంకొకరు కట్టుబడి ఖర్చులో 5 శాతం అడిగారు. ఎందుకింత తేడా?

జవాబు: కట్టుబడి అడుగుకు 2,000 చొప్పున 56 లక్షలనుకుంటే మొదటాయన ఫీజు 1.12 లక్షలు, రెండో ఆయనది 2.80 లక్షలు. అడుగు రేటైనా, శాతమైనా మీకు చెప్పడానికే. ఆఫీసులో లెక్క గంటల్లో నడుస్తుంది.

ఇలాంటి ఇంటికి ఒక అంచనా వేద్దాం. ప్లాన్, ఎలివేషన్ ఖాయమయ్యేదాకా 40 గంటలు, పర్మిషన్ డ్రాయింగులకు 20, సైటులో మేస్త్రీలు చూసి కట్టే వర్కింగ్ డ్రాయింగులకు 120, నాలుగేసి గంటల చొప్పున 12 సైటు విజిట్లకు 48. మొత్తం 228. జీతాలు, అద్దె, సాఫ్ట్‌వేర్ కలిపి గంటకు 600 అనుకుంటే 1,36,800 రూపాయలు. పిల్లర్లు, బీముల లెక్క చూసే స్ట్రక్చరల్ ఇంజనీరుకు అడుగుకు 8 చొప్పున 22,400. ఈ రెండూ కలిపిన మొత్తం మీద 15 శాతం లాభం వేస్తే 1.83 లక్షలు, అంటే అడుగుకు 65. రిజిస్ట్రేషన్ ఉన్న సంస్థయితే 18 శాతం జీఎస్టీ అదనం. సైటు ములుగు దగ్గరైతే ప్రతి విజిట్‌కూ ప్రయాణానికి ఇంకొన్ని గంటలు పోతాయి, అవీ కలుస్తాయి.

ఇందులోంచి సైటు విజిట్లన్నీ, వర్కింగ్ డ్రాయింగుల్లో సగం తీసేసి చూడండి. 1.09 లక్షలకు దిగుతుంది. మీ 40 రూపాయల రేటు దాదాపు అక్కడే ఉంది. అది మోసమేమీ కాదు, పని తక్కువ. కానీ బాత్రూం స్లాబు ఎన్ని అంగుళాలు దించాలో చూపే షీటు లేకపోతే మేస్త్రీ తన అలవాటు ప్రకారం దించుతాడు. పైపుకు వాలు చాలక చివరికి బాత్రూం ఫ్లోరు బెడ్రూం కన్నా ఎత్తవుతుంది.

5 శాతం అడిగినాయన్ని, ఏ ఖర్చు మీదో ముందే రాసిమ్మనండి. మొదటి ఎస్టిమేటు మీదైతే సరే. తుది బిల్లు మీదైతే మీరు ఖరీదైన మార్బుల్ వేయించినా ఆయన ఫీజు పెరుగుతుంది. స్ట్రక్చరల్ ఫీజు అందులో ఉందా అనీ అడగండి. రోజువారీ సూపర్‌విజన్ మాత్రం మామూలుగా ఎవరి ఫీజులోనూ ఉండదు.

అసలు గొడవలొచ్చేది మార్పుల దగ్గర. వర్కింగ్ డ్రాయింగులయ్యాక వాస్తు సిద్ధాంతి మెట్లు జరపమంటే పిల్లర్లు, బీములు, పైపులు, కరెంటు షీట్లన్నీ మళ్లీ గీయాలి. అందుకే సిద్ధాంతికి చూపించేది ప్లాన్ దశలోనే చూపించండి. ఎన్ని మార్పులు ఉచితమో, ఆపైన గంటకెంతో ఒప్పందంలో ఉండాలి.

కార్పొరేషన్‌కు కట్టే పర్మిషన్ ఫీజు వేరు, అది మీదే. సంతకం పెట్టేముందు కౌన్సిల్ ఆఫ్ ఆర్కిటెక్చర్ రిజిస్ట్రేషన్ నంబరు అడగండి. 1972 ఆర్కిటెక్టుల చట్టం ప్రకారం అది లేనివాళ్లు ఆర్కిటెక్టునని చెప్పుకోకూడదు.