పాత డీజిల్ జీపు ఎండాకాలంలో వేడెక్కుతుంటే ఇంట్లోనే ఏం చేసుకోవచ్చు?

అనంతపురం ఎండల్లో మిట్ట ఎక్కేటప్పుడు బండి వేడెక్కుతోందంటే ముందు రేడియేటర్ చూడండి. మన బోరు నీళ్లలో సున్నం ఎక్కువ. ఏళ్ల తరబడి అవే పోస్తే లోపలి గొట్టాల్లో తెల్లటి పొర కడుతుంది, నీళ్లు సరిగా తిరగవు. ఇంజిన్ పూర్తిగా చల్లారాకే మూత తీసి వేలు పెట్టండి. గరుకుగా తగిలితే అదే. పాత నీళ్లు వదిలేసి, బాగా కడిగి, కూలెంట్, డిస్టిల్డ్ వాటర్ సగం సగం పోయండి.

రేడియేటర్ రేకుల్లో ఇరుక్కున్న ఎర్రమట్టి, వేరుశనగ పొట్టు పోవాలంటే ఫ్యాన్ వైపు నుంచి ముందుకు నీళ్లు కొట్టాలి. మెల్లగానే, లేదంటే రేకులు వంగుతాయి. ఫ్యాన్ బెల్టు బొటనవేలితో నొక్కితే అర అంగుళం దిగాలి.

థర్మోస్టాట్ (ఇంజిన్ తగినంత వేడెక్కేదాకా నీళ్లను రేడియేటర్‌కు పోనివ్వని వాల్వు) పీకేయమని చాలామంది చెబుతారు. దయచేసి వద్దు, ఇంజిన్ సరైన వేడికి రాక డీజిల్ ఎక్కువ తాగుతుంది.