చెకొస్లొవేకియాలో విద్యార్థులు ఎలా గెలిచారు?

కమ్యూనిస్టు పాలనలో ప్రజాస్వామ్యం కోసం రోడ్డెక్కిన విద్యార్థులు గెలిచిన సందర్భం ఒక్కటైనా ఉందా అని అడిగారు. ఉంది, 1989 నవంబరులో చెకొస్లొవేకియాలో గెలిచారు. ఉద్యోగరీత్యా కొన్నేళ్లు ఆ దేశ రాజధానిగా ఉన్న ప్రాగ్‌లో గడిపిన నాకు, అప్పట్లో విద్యార్థినిగా అందులో పాల్గొన్న ఒక సహోద్యోగి ఈ సంగతులు వివరంగా చెప్పారు.

నాజీలు చెక్ విశ్వవిద్యాలయాలను మూసివేసి 50 ఏళ్లయిన సందర్భంగా నవంబరు 17న జరిగిన ఊరేగింపులో అధికారిక యువజన సంఘానికీ భాగం ఉండడంతో దానికి అనుమతి దొరికింది. ప్రాగ్‌లోని విషెహ్రాద్ కోట ప్రాంతం నుంచి నగరం నడిబొడ్డుకు బయలుదేరిన విద్యార్థులను నారొద్ని వీధిలో పోలీసులు చుట్టుముట్టి చితకబాదారు. "మావి వట్టి చేతులు" అంటూ వాళ్లు పైకెత్తిన చేతులను కంచులో పోతపోసిన ఫలకం ఇప్పటికీ అక్కడ ఉంది.

అయితే, దెబ్బలు తినడం వల్లే వాళ్లు గెలిచారని నేను అనుకోను. పత్రికలు, టెలివిజన్ ప్రభుత్వం గుప్పిట్లో ఉన్నందున, జరిగినదాన్ని ఊరూరా చెప్పే పనిని విద్యార్థులే నెత్తికెత్తుకున్నారు. కార్బన్ కాగితాలు పెట్టి టైపు చేసిన కరపత్రాలతో మా సహోద్యోగి బృందం ఒక కర్మాగారానికి వెళ్తే గేటు తెరవలేదట. షిఫ్టు మారే వేళ దాకా బయటే నిలబడ్డారట. వెంట వచ్చిన నటుణ్ణి టీవీలో చూసిన ముఖమని గుర్తుపట్టి కార్మికులు ఆగారని, ఆ తర్వాతే తమ మాట విన్నారని ఆవిడ చెప్పారు. సమ్మెకు దిగిన నాటక కళాకారులు ఇలా తోడు రాకపోతే ఆ కాగితాలు ఎంతమంది చదివేవారో!

కమ్యూనిస్టు పార్టీ ప్రాగ్ కార్యదర్శి ష్టెపాన్ నవంబరు 23న చేకాడే (ČKD) అనే యంత్రాల కర్మాగారంలో పదిహేనేళ్ల పిల్లలు దేశాన్ని నడపలేరన్న ధోరణిలో మాట్లాడితే, కార్మికులే "మేం పిల్లలం కాదు" అని అరిచారు. 27న జరిగిన సార్వత్రిక సమ్మె రెండు గంటలే సాగినా, 29న పార్లమెంటు రాజ్యాంగంలోంచి కమ్యూనిస్టు పార్టీ నాయకత్వ పాత్రను తొలగించింది. డిసెంబరు 29న, ఆ పాలనను ఎదిరించిన నాటక రచయిత హావెల్ దేశాధ్యక్షుడయ్యారు.

కార్మికులు కలిసివస్తే చాలని మాత్రం చెప్పలేను, ఎందుకంటే అదే ఏడాది బీజింగ్‌లోనూ కార్మికులు విద్యార్థుల పక్షాన నిలిచినా ప్రభుత్వం సైన్యంతో కాల్పులు జరిపించింది. 1968లో సంస్కరణలను అణచడానికి వచ్చిన సోవియట్ ట్యాంకుల అండతో నిలబడిన ప్రాగ్ పాలకులకు, సోవియట్ నేత గోర్బచేవ్ కాలంలో ఆ అండ లేదు. ఇంకొక మాట: అందరూ ప్రాగ్ గురించే చెప్పుకుంటారు గానీ, ఇప్పటి స్లొవేకియా రాజధాని బ్రాటిస్లావా విద్యార్థులు ఒకరోజు ముందే, నవంబరు 16నే, వీధుల్లోకి వచ్చారు.