డిస్కు సగం ఖాళీ చేసినా ల్యాప్‌టాప్ నత్తనడక ఎందుకు మానలేదు?

ప్రశ్న: 2017లో మా అబ్బాయి చదువు కోసం కొన్న ల్యాప్‌టాప్‌ను ఇప్పుడు నేను వాడుకుంటున్నాను. అందులో 4 జీబీ ర్యామ్, 1 టీబీ హార్డ్‌డిస్కు, విండోస్ 10 ఉన్నాయి. ఆన్ చేశాక పని మొదలుపెట్టడానికి ఐదారు నిమిషాలు పడుతోంది. బ్రౌజరులో నాలుగు ట్యాబులు తెరిస్తే మౌస్ కూడా కదలడం లేదు. రిపేరు షాపులో చూపిస్తే మెమరీ నిండిపోయిందని, ఫొటోలు తీసేయమని చెప్పారు. అన్నింటినీ పెన్‌డ్రైవులోకి మార్చి డిస్కును సగానికి పైగా ఖాళీ చేసినా వేగం పెరగలేదు. ర్యామ్ వేయించాలా, లేక కొత్తది కొనడమే మంచిదా?
– ఒక పాఠకురాలు, తెనాలి

జవాబు: కొత్తది కొనే ముందు హార్డ్‌డిస్కు తీయించి దాని స్థానంలో ఎస్‌ఎస్‌డీ (సమాచారాన్ని చిప్పుల్లో దాచే డిస్కు) పెట్టించండి. వీలైతే అదే రోజు ర్యామ్‌ను కూడా 8 జీబీకి పెంచండి. రెండింటికీ డబ్బు సరిపోకపోతే ముందు ఎస్‌ఎస్‌డీయే.

మెమరీ అంటే ర్యామ్, అంటే కంప్యూటరు అప్పటికప్పుడు చేస్తున్న పనిని తాత్కాలికంగా ఉంచుకునే చోటు. అదీ, మీరు ఖాళీ చేసిన డిస్కు స్థలమూ ఒకటి కావు. మీరు వర్డ్‌లో ఒక పేరా టైప్ చేస్తున్నంతసేపూ అది ర్యామ్‌లో ఉంటుంది. సేవ్ చేసినప్పుడే డిస్కుకు చేరుతుంది. బ్యాటరీ పాడైన ల్యాప్‌టాప్‌లో కరెంటు పోగానే సేవ్ చేయని పేరా పోవడానికీ, నిరుటి ఫొటోలు భద్రంగా ఉండడానికీ కారణం ఇదే. ఫొటోలు ఎన్ని తీసేసినా ర్యామ్ ఒక్క ఎంబీ కూడా పెరగదు. అయితే విండోస్ ఉండే సీ డ్రైవు పూర్తిగా నిండిపోయినప్పుడు అప్‌డేట్లకూ తాత్కాలిక ఫైళ్లకూ చోటులేక కంప్యూటరు తప్పకుండా ఇబ్బంది పడుతుంది కాబట్టి, ఆ సలహా అటువంటి సందర్భంలో సరైనదే. మీ ల్యాప్‌టాప్ జబ్బు మాత్రం అది కాదు.

ర్యామ్ చాలనప్పుడు విండోస్ చేసే పనిని కాస్త వివరంగా చూడాలి. అప్పటికి అవసరం లేదనుకున్న సమాచారాన్ని అది ర్యామ్ నుంచి తీసి డిస్కులోని పేజ్‌ఫైల్ అనే ఫైలులో దాస్తుంది, మీరు ఆ ట్యాబును మళ్లీ నొక్కగానే వెనక్కి తెస్తుంది. ల్యాప్‌టాప్ హార్డ్‌డిస్కుల్లో ఎక్కువ భాగం నిమిషానికి 5400 సార్లు తిరుగుతాయి, అంటే ఒక చుట్టుకు 11 మిల్లీసెకన్లు (మిల్లీసెకను అంటే సెకనులో వెయ్యో వంతు). చదివే ముల్లు సరైన వరుసకు జరగడానికి పట్టే సమయం కూడా కలిపితే ఒక్కొక్క చిన్న ముక్కను అందుకోవడానికి సుమారు 15 మిల్లీసెకన్లు పడుతుంది. ర్యామ్ నుంచి అదే ముక్క దాదాపు 100 నానోసెకన్లలో (నానోసెకను అంటే మిల్లీసెకనులో పది లక్షో వంతు) వస్తుంది. ఈ తేడా లక్ష రెట్లకు పైమాటే. మౌస్ కదలకుండా నిలిచిపోయేది ఆ ఎదురుచూపులోనే. తిరిగే భాగాలేవీ లేని ఎస్‌ఎస్‌డీ అలాంటి చిన్న ముక్కను మిల్లీసెకనులో పదో వంతు సమయంలోనే అందిస్తుంది. ప్యాకెట్ మీద సెకనుకు 500 ఎంబీ అని రాసి ఉండే వేగం పెద్ద ఫైళ్లను వరుసగా చదివేటప్పటి లెక్క, హార్డ్‌డిస్కుతో పోలిస్తే అది సుమారు ఐదు రెట్లే. మీకు రోజూ తెలిసివచ్చే అసలు లాభం చెల్లాచెదురుగా ఉన్న వేల చిన్న ముక్కలను అందుకోవడంలో ఉంది.

నా మాట మీద నమ్మకంతో కాకుండా మీ కళ్లతో చూసి నిర్ణయించుకోండి. ల్యాప్‌టాప్ ఆన్ చేయగానే కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ మీటలు కలిపి నొక్కి, టాస్క్ మేనేజరులో పర్ఫార్మెన్స్ పేజీ తెరవండి. డిస్కు దగ్గర 100 శాతం అని ఉండి, చదివే వేగం మాత్రం సెకనుకు ఒకటి రెండు ఎంబీలే కనిపిస్తే, ముల్లు అటూ ఇటూ పరుగెత్తడంతోనే కాలమంతా గడిచిపోతోందని అర్థం. తర్వాత నాలుగు ట్యాబులు తెరిచి మెమరీ పేజీలో కమిటెడ్ (తెరిచిన ప్రోగ్రాములకు కేటాయించిన మొత్తం మెమరీ) అనే చోట మొదటి అంకె చూడండి. అది 4 జీబీని బాగా దాటి 6 దాకా వెళితే ర్యామ్ కూడా చాలడం లేదనడానికి గట్టి సూచన. మీరు చెప్పిన లక్షణాలను బట్టి రెండూ కనిపిస్తాయనే నా అంచనా.

కొనేటప్పుడు 2.5 అంగుళాల సాటా (హార్డ్‌డిస్కును బోర్డుకు కలిపే కనెక్షన్ రకం) ఎస్‌ఎస్‌డీ అడగండి. హార్డ్‌డిస్కు ఉన్న చోటే సరిగ్గా అమరుతుంది. మీ వాడకానికి 500 జీబీ ధారాళంగా సరిపోతుంది. ర్యామ్ విషయంలో తొందరపడకూడదు. డీడీఆర్3ఎల్, డీడీఆర్4 అనే ర్యామ్ రకాలు ఒకదాని స్లాటులో ఇంకొకటి పట్టవు కాబట్టి, వెనక మూత తీయించి పాత ర్యామ్ మీది లేబుల్ చదివాకే కొనాలి. కొన్ని మోడళ్లలో ర్యామ్‌ను బోర్డుకే అతికించేస్తారు, ఖాళీ స్లాటు ఉందో లేదో కూడా అప్పుడే తేలుతుంది. విండోస్ 32 బిట్ రకమైతే 4 జీబీకి మించి వాడుకోలేదు, అందువల్ల 64 బిట్ వేయించుకోవాలి. ర్యామ్ పెంచుతామనే బూస్టర్ సాఫ్ట్‌వేర్లను మాత్రం దగ్గరికి రానివ్వకండి. అవి కూడా ర్యామ్‌లో చోటు తినేవే.

నాకు ఆందోళన కలిగించిన విషయం మీ ఫొటోలు పెన్‌డ్రైవులో మాత్రమే ఉండడం. పెన్‌డ్రైవు ఏ రోజైనా చెప్పకుండా పాడైపోవచ్చు. తీసేసిన పాత హార్డ్‌డిస్కును షాపులో వదిలేయకుండా యూఎస్‌బీ కేసులో పెట్టించుకుని, ఫొటోలన్నీ అందులో రెండో ప్రతిగా దాచుకోండి.

విండోస్ 10కు మామూలుగా వచ్చే భద్రతా అప్‌డేట్లు 2025 అక్టోబరు 14తో ముగిశాయి. విండోస్ 11 ఇంటెల్ కంపెనీ ప్రాసెసర్లలో సాధారణంగా 8వ తరం ప్రాసెసర్ నుంచే అనుమతిస్తుంది కనుక 2017 నాటి మీ యంత్రం ఆ జాబితాలో లేకపోయే అవకాశమే ఎక్కువ. మీ పని ప్రధానంగా బ్రౌజరు, టైపింగ్ అయితే ఎస్‌ఎస్‌డీ మీద విండోస్‌కు బదులుగా వాడే లినక్స్ మింట్ అనే ఆపరేటింగ్ సిస్టమ్ వేయించుకోండి. అది ఉచితం, తెలుగు ఇన్‌స్క్రిప్ట్ కీబోర్డు అందులో ఉంది, భద్రతా అప్‌డేట్లు కూడా వస్తూనే ఉంటాయి.