'మెనూదో' అంటే చిన్నేనా?

తమ్ముడూ,

నువ్వు పంపిన స్పానిష్ కథ అనువాదం రెండుసార్లు చదివాను. వాక్యాలు సాఫీగా ఉన్నాయి, చదివిస్తాయి. కానీ 'మెనూదో' కనిపించిన ప్రతిచోటా 'చిన్న' అని పెట్టేశావు, అక్కడే నాకు మనసొప్పలేదు.

అసలు అర్థం చిన్నదనే, కాదనను. లాటిన్‌లో 'మినూతుస్', అంటే తగ్గించినది, అందులోంచి వచ్చింది. మనం రోజూ అనే 'మినిట్' కూడా దానికి చుట్టమే. నామవాచకం తర్వాత వస్తే ఆ అర్థం అలాగే ఉంటుంది. 'యూవియా మెనూదా'ని 'చిన్న వాన' అన్నావు, తప్పని కాదుగానీ తుంపర అనే మాట మనకుండగా చిన్న వాన ఎందుకు? 'హెంతే మెనూదా' చిన్న జనం కాదు, పిల్లకాయలు.

అదే మాట నామవాచకం ముందుకొచ్చి ఆశ్చర్యార్థకంలో పడిందా, అర్థం తిరగబడుతుంది, ముఖ్యంగా స్పెయిన్ వాళ్ల మాటల్లో. 'మెనూదో లీయో!' అంటే పెద్ద రచ్చ. "అబ్బో, అదేమన్నా చిన్న గొడవా!" అని మనం అనమూ? అలాంటిదే. నేను మొదట్లో దాన్ని 'చిన్న గొడవ' అనే రాసి పంపితే ఎడిటర్ గారు ఫోన్ చేసి, "చిన్న గొడవకే ఇంటిల్లిపాదీ ఊరొదిలి పోయారా?" అని అడిగారు. ఆ రాత్రంతా టెన్షన్, పాత అనువాదాలన్నీ తీసి మళ్లీ చూసుకున్నాను. 'మెనూదో ఎస్ మి ఎర్మానో!' అన్నాడంటే తమ్ముడు పొట్టివాడని కాదు, "మా తమ్ముడు మామూలోడు కాదు" అని.

ఇక 'ఆ మెనూదో' అంటే తరచూ. "అతను మా ఇంటికి చిన్నగా వచ్చేవాడు" అని రాశావు. చదివేవాళ్లు పాపం నెమ్మదిగా నడిచొచ్చాడనుకుంటారు, కథలో ఆయన వారానికి నాలుగుసార్లు వచ్చే మనిషి. రేపు మెక్సికో కథేదైనా చేస్తే వంటింట్లో కూడా ఈ మాట ఎదురవుతుంది, అక్కడ అది ఆవు పొట్ట ముక్కలతో గంటల తరబడి ఉడికించే పులుసు, మన బోటి కూరకి దగ్గరది. అప్పుడు 'మెనూదో' అనే ఉంచు, ఆ వాసన పక్క వాక్యంలో రానియ్.

నాలుగో పేజీ మాత్రం వెంటనే దిద్దు. మేనత్త తలుపు తీసి 'మెనూదో సూస్తో!' అంటుంది, నువ్వు 'చిన్న భయం' అన్నావు. ఆవిడ చెయ్యి అప్పటికే గుండె మీద ఉంది. మీ అత్తయ్యకి అలా జరిగితే ఏమంటుందో ఆలోచించి, ఆ ఒక్క లైను రాసి నాకు పంపు.

ప్రేమతో,
అన్నయ్య