కుళాయికి ఒక గుమ్మం, కాలువకు ఒక గుమ్మం

పాఠకుల ప్రశ్నలు – మా జవాబులు

ఈ నెల వచ్చిన ఉత్తరాలలో ఎక్కువ భాగం పురపాలనకు సంబంధించినవే. గంజాం, గజపతి, రాయగడ జిల్లాలలోని మన పాఠకులు చాలామంది టీవీలో ఆంధ్ర వార్తలు చూస్తూ, ఓటు మాత్రం ఒడిశాలో వేస్తున్నందువల్ల రెండు రాష్ట్రాల పద్ధతులు కలగాపులగమై కొన్ని సందేహాలు పుడుతున్నట్టు మాకు తోచింది.

ప్రశ్న: మా వీధిలో కుళాయి నీళ్లు రోజు విడిచి రోజు వస్తున్నాయి. మురికి కాలువ పొంగి ఇళ్ల ముందు నిలుస్తోంది. స్తంభం మీద దీపం వెలిగి ఆరు నెలలైంది. వార్డు సభ్యుణ్ణి అడిగితే కాలువ సంగతి చూస్తానన్నారు గాని, నీళ్లు తన చేతిలో లేవన్నారు. ఓటు వేయించుకున్న మనిషి ఆ మాట అనవచ్చునా? – ఒక గృహిణి, గంజాం జిల్లా

జవాబు: అమ్మా, వినడానికి తప్పించుకొనే మాటలా ఉన్నా, మీ వార్డు సభ్యుడు చెప్పినది చాలావరకు నిజమే. 1993 జూన్ 1న అమలులోకి వచ్చిన 74వ రాజ్యాంగ సవరణ పట్టణ పాలకవర్గాలకు అప్పగించదగిన 18 పనుల జాబితాను 12వ షెడ్యూలులో చేర్చింది. నీటి సరఫరా, రోడ్లు, పారిశుద్ధ్యం, వీధి దీపాలు, పార్కులు, శ్మశానాలు, జనన మరణాల నమోదు అన్నీ అందులో ఉన్నాయి. అయితే ఆ పనులను రాష్ట్ర శాసనసభ అప్పగించి తీరాలని రాజ్యాంగం అనలేదు; అప్పగించవచ్చు అని మాత్రమే అన్నది. ఆ ఒక్క క్రియాపదం దగ్గరే మీ కుళాయి ఆగిపోయింది.

ఒడిశా పట్టణాలలో మంచినీటి సరఫరాను నడిపేది రాష్ట్ర ప్రభుత్వపు ప్రజారోగ్య ఇంజనీరింగ్ విభాగం. పెద్దవాళ్లు ఇప్పటికీ దానిని పీహెచ్‌డీ ఆఫీసు అంటారు. కొన్ని నగరాలలో ఆ పనిని ప్రభుత్వమే నెలకొల్పిన వాట్కో అనే సంస్థ చూస్తున్నది. కనుక నీళ్ల ఫిర్యాదు ఆ విభాగపు స్థానిక ఇంజనీరుకు వెళ్లాలి. సందులలోని కాలువ, చెత్త ఎత్తడం, దోమల మందు పురపాలక సంఘం బాధ్యత. దీపం సంగతి కొంచెం చిత్రమైనది: స్తంభం 2021 జనవరి నుంచి మన దక్షిణ జిల్లాల విద్యుత్తు పంపిణీని చేపట్టిన టాటా పవర్ సంస్థది, దాని మీది దీపాన్ని చూసుకోవలసింది పురపాలక సంఘం. ఊరి నడుమ పోయే పెద్ద రోడ్డు ప్రభుత్వ వర్క్స్ శాఖదో, జాతీయ రహదారుల వారిదో అయి ఉండవచ్చు గనుక, గుంట పూడ్చమని అడిగే ముందు ఆ రోడ్డు ఎవరిదో తెలుసుకోవడం మేలు. బరంపురం వంటి చోట ఇంటి ప్లానుకు అనుమతి కావాలంటే అభివృద్ధి ప్రాధికార సంస్థ అనే ఇంకొక గుమ్మం కూడా ఉన్నది.

ఇంటి పన్ను, అంటే మన వైపు హోల్డింగ్ ట్యాక్స్ అని పిలిచేది, పురపాలక సంఘానిదే. కాని దానితోనే ఊరు నడవదు. ఊరిలోకి వచ్చే సరుకుల మీద వేసే ఆక్ట్రాయ్ అనే పన్ను 1999లో రద్దయిన తరువాత ఊరి పొలిమేరలోని నాకాల దగ్గర వసూలయ్యే సొంత ఆదాయం పోయి, దానికి బదులు రాష్ట్రం ఇచ్చే పరిహారం మీద, ఆర్థిక సంఘాల గ్రాంట్ల మీద ఆధారపడవలసి వచ్చింది. పైనుంచి వచ్చే డబ్బు ఫలానా పనికే అన్న షరతుతో వస్తుంది గనుక, మీ వీధి కాలువ కంటే ముందు ఇంకెక్కడో పార్కుకు గోడ లేస్తే, అది ప్రతిసారీ మీ వార్డు సభ్యుడి నిర్లక్ష్యమని అనుకోనక్కరలేదు. అయినా ఆయన మీతో పాటు నీళ్ల ఇంజనీరు దగ్గరకు వచ్చి నిలబడితే ఫిర్యాదుకు బరువు వస్తుంది. ఆ మాత్రం అడిగే హక్కు మీ ఓటు మీకు ఇచ్చింది.

ప్రశ్న: ఇచ్ఛాపురంలో ఉన్న మా చెల్లెలు, తమ మునిసిపల్ చైర్‌పర్సన్‌ను కౌన్సిలర్లే ఎన్నుకున్నారని చెబుతున్నది. మేము మాత్రం బరంపురంలో మేయరుకు నేరుగా ఓటు వేశాము. ఒకే దేశంలో రెండు పద్ధతులు ఎలా ఉంటాయి? మా పద్ధతిలో మేయరుకు బలం ఎక్కువా? – ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు, బరంపురం

జవాబు: మాస్టారూ, మీరు, మీ చెల్లెలు ఇద్దరూ చెప్పినది సరైనదే. వార్డు సభ్యులను ప్రజలే నేరుగా ఎన్నుకోవాలని నిర్దేశించిన రాజ్యాంగం, అధ్యక్షుణ్ణి ఎన్నుకొనే తీరును మాత్రం రాష్ట్రాల చట్టాలకు విడిచిపెట్టింది. ఆంధ్రప్రదేశ్‌లో 2021 మార్చి 10న వార్డులకు పోలింగ్ జరిగితే, అదే నెల 18న గెలిచినవారు సమావేశమై చైర్‌పర్సన్లను, మేయర్లను ఎన్నుకున్నారు. ఆ సమావేశంలో ఎమ్మెల్యేలకు, ఎంపీలకు ఎక్స్ అఫీషియో, అంటే పదవి రీత్యా, సభ్యులుగా ఓటు ఉంటుంది. ఒడిశాలో కూడా చాలాకాలం సభ్యులే అధ్యక్షుణ్ణి ఎన్నుకొనేవారు. చట్టాన్ని సవరించిన తరువాత, 2022 మార్చి 24న జరిగిన ఎన్నికలలో మొదటిసారిగా ఓటరు వార్డు సభ్యుడికి ఒకటి, మేయరుకు లేక చైర్‌పర్సన్‌కు ఒకటి చొప్పున రెండు ఓట్లు వేశాడు. ఉప మేయరును మాత్రం ఇప్పటికీ కార్పొరేటర్లే ఎన్నుకుంటారు.

బలం సంగతికి వస్తే, నేరుగా గెలిచిన మేయరుకు ఊరంతా ఓటు వేసిందన్న గౌరవం ఉంటుంది. రాత్రికి రాత్రి కార్పొరేటర్లను బస్సులో ఎక్కించుకొని శిబిరాలకు తీసుకుపోయే తతంగం తప్పుతుంది. దీనిని మేము మంచి మార్పుగానే భావిస్తున్నాము. కాని ఫైలు మీద సంతకం పెట్టే చెయ్యి వేరు. నగరపాలక సంస్థలో కార్యనిర్వహణ అధికారం ప్రభుత్వం నియమించే కమిషనరుది, పురపాలక సంఘాలలో ఎగ్జిక్యూటివ్ ఆఫీసరుది. బడ్జెట్టుకు సభ్యుల ఆమోదం కావాలి. మేయరు ఒక పార్టీ, కార్పొరేటర్లలో ఎక్కువమంది ఇంకొక పార్టీ అయిన చోట నేరుగా పడిన ఓట్ల బలం సమావేశ మందిరం గుమ్మం దగ్గర సగం తగ్గుతుంది.

ఒక చిన్న మాట. 1936 ఏప్రిల్ 1న ఒడిశా ఏర్పడేదాకా మీ ఊరు, మీ చెల్లెలి ఊరు రెండూ మద్రాసు రాష్ట్రపు గంజాం జిల్లాలోనివే. 1867లో ఏర్పడిన బరంపురం పురపాలక సంఘం, సరిహద్దు మారాక కూడా 1920 నాటి మద్రాసు జిల్లా మునిసిపాలిటీల చట్టం కిందనే కొన్నేళ్లు నడిచి, 1950లో ఒడిశా మునిసిపల్ చట్టం వచ్చాక దాని కిందికి మారింది. 2008లో నగరపాలక సంస్థ అయినప్పటి నుంచి 2003 నాటి కార్పొరేషన్ చట్టం వర్తిస్తున్నది. అన్నాచెల్లెళ్ల మధ్య వచ్చిన ఈ తేడా వయస్సు వంద సంవత్సరాలు కూడా లేదు.

ప్రశ్న: 2013లో ఎన్నికైన వారి పదవీకాలం ముగిసిన తరువాత చాలాకాలం ఎన్నికలే జరగలేదు. అలా జరపకుండా ఉండవచ్చునా? – ఒక వ్యాపారి, రాయగడ

జవాబు: ఉండకూడదు. రాజ్యాంగంలోని 243-యు అధికరణం ప్రకారం పాలకవర్గం ఆయువు మొదటి సమావేశం నుంచి ఐదేళ్లు. అది ముగియక ముందే కొత్త ఎన్నిక పూర్తి కావాలి. అయినా మన వైపు 2018 నుంచి 2022 దాకా ఊళ్లను అధికారులే నడిపారు. రిజర్వేషన్ల లెక్క మీద, వార్డుల విభజన మీద వివాదాలు వచ్చినప్పుడు ఎన్నికలు వెనక్కి జరగడం ఒక్క ఒడిశాకే పరిమితమైన జబ్బు కాదు. 2022లో కొలువుదీరిన వారి ఐదేళ్లు 2027లో నిండుతాయి గనుక, ఈ అధికరణాన్ని అప్పుడు గుర్తు చేయవలసినవారు మీలాంటి పాఠకులే.

ప్రశ్న: అసెంబ్లీ ఎన్నికలలో ఓటు వేసిన నాకు పురపాలక ఎన్నికలలో మా వార్డు జాబితాలో పేరు కనిపించలేదు. పక్క వార్డులో ఉన్నదని తరువాత తెలిసింది. ఇదెలా జరుగుతుంది? – ఒక పాఠకుడు, జయపురం

జవాబు: ఈ రెండు ఎన్నికలను నడిపే సంఘాలు వేరు. అసెంబ్లీకి, లోక్‌సభకు భారత ఎన్నికల సంఘం. పట్టణాలకు, పంచాయతీలకు రాష్ట్ర ఎన్నికల సంఘం. రెండవది సాధారణంగా మొదటిదాని జాబితానే తీసుకొని, ఇళ్లను బట్టి వార్డుల వారీగా విడదీస్తుంది. వార్డు గీత వీధి మధ్యనుంచి పోయిన చోట, లేదా ఇంటి నంబరు తప్పుగా ఉన్న చోట పేరు అవతలి గట్టున పడుతుంది. దీనికి మందు పోలింగ్ నాడు దొరకదు. ముసాయిదా జాబితా ప్రకటించి అభ్యంతరాలు కోరే కొద్దిరోజుల గడువులోనే మీ ఇంటిల్లిపాది పేర్లూ చూసుకోవాలి. ఇల్లు మారినవారు ఫారం 8 నింపి అసలు జాబితాలోనే చిరునామా సరిచేయించుకోవడం ఉత్తమం. ఈ శీర్షిక రాస్తున్న మనిషి పేరు కూడా ఒకసారి మరో వీధివారి సరసన అచ్చయింది గనుక ఇది అనుభవం మీద చెబుతున్న సలహా.

ప్రశ్న: నాకు ఒడియా మాట్లాడటం వచ్చుగాని రాయడం రాదు. పురపాలక కార్యాలయానికి తెలుగులో అర్జీ ఇస్తే తీసుకుంటారా? – ఒక చేనేత కార్మికుడు, పర్లాకిమిడి

జవాబు: తమ ఇబ్బందిని తీర్చమని కోరే విజ్ఞాపనను కేంద్రంలోగాని, రాష్ట్రంలోగాని వాడుకలో ఉన్న ఏ భాషలోనైనా అధికారికి ఇచ్చే హక్కు రాజ్యాంగంలోని 350వ అధికరణం ప్రతి వ్యక్తికీ ఇచ్చింది. తెలుగు ఆ భాషలలో ఒకటి. అయితే హక్కు ఒకటి, పని జరగడం ఇంకొకటి. బల్ల దగ్గర కూర్చున్న గుమాస్తాకు తెలుగు చదవడం రాకపోతే మీ కాగితం అడుగున చేరుతుంది. మీ మాటల్లో తెలుగు అర్జీ రాసి, దాని వెనుక ఒడియాలో నాలుగు వాక్యాల సారాంశం ఎవరిచేతనైనా రాయించి జతచేయండి. అందినట్టు ముద్ర వేసిన నకలు తప్పక తీసుకోండి. జవాబు రాకపోతే సమాచార హక్కు చట్టం కింద ఆ అర్జీ మీద ఏ చర్య తీసుకున్నారని అడగవచ్చు. దానికి 30 రోజులలోగా సమాధానం ఇవ్వాలి.

ప్రశ్న: కాశీనగరాన్ని ఎన్ఏసీ అంటారు, మునిసిపాలిటీ అనరెందుకు? – ఒక విద్యార్థిని, గజపతి జిల్లా

జవాబు: పల్లె నుంచి పట్టణంగా మారుతున్న ఊళ్లకు రాజ్యాంగం నగర పంచాయతీ అనే పేరు పెట్టింది. ఒడిశాలో దానికి సమానమైన పాత పేరు నోటిఫైడ్ ఏరియా కౌన్సిల్. దాని పొడి అక్షరాలే ఎన్ఏసీ. గోపాలపురం కూడా అదే తరగతి. వార్డులు, సభ్యులు, నేరుగా ఎన్నికయ్యే చైర్‌పర్సన్ అక్కడా ఉంటారు. సభ్యుడిగా పోటీ చేయడానికి కనీస వయస్సు 21 ఏళ్లు. మొత్తం స్థానాలలో సగం మహిళలకే కేటాయిస్తారు. మీ వయస్సు ఉత్తరంలో రాయలేదు.