పాఠకుల ప్రశ్నలు: పిలుపు తెలియకుండా బ్రతకడం అవిధేయతా?

ప్రశ్న: అయ్యగారికి ప్రభువు నామమున వందనాలు. నా వయసు 26 ఏళ్లు. కెమిస్ట్రీలో ఎం.ఎస్సీ. చేసి, పరవాడ ఫార్మాసిటీలోని ఒక మందుల కంపెనీలో క్వాలిటీ కంట్రోల్ ల్యాబులో షిఫ్టుల్లో పనిచేస్తున్నాను. మా సంఘంలో యవనస్థుల కూడిక జరిగినప్పుడల్లా “దేవుడు నిన్ను ఎందుకు పుట్టించాడో నీకు తెలుసా?” అని అడుగుతారు. నాతో కలిసి పెరిగిన ఇద్దరు సేవకు సమర్పించుకొని బైబిలు కాలేజీకి వెళ్లారు. నాకు పాడటం రాదు, నలుగురిలో నిలబడి మాట్లాడటం అంతకన్నా రాదు. సెలవు రోజుల్లో మా వీధి పిల్లలకు లెక్కలు చెప్పడం ఒక్కటే నాకు మనసారా ఇష్టమైన పని. అది దేవుని పిలుపో, నా సొంత ఇష్టమో తేల్చుకోలేకపోతున్నాను. ఉపవాసముండి ప్రార్థించినా ఏ జవాబూ రాలేదు. ఇంట్లో పెళ్లి సంబంధాలు చూస్తున్నారు. పిలుపు తెలియకుండా ఇలా బ్రతకడం అవిధేయత అవుతుందా?
– ఒక సహోదరి, గాజువాక

జవాబు: అవిధేయత కాదమ్మా. ఈ భయం మీ మీద నుండి తొలగిపోవాలని మొదట ప్రార్థిస్తున్నాను, ఎందుకంటే భయపడుతున్న మనసుకు తనకు ఇష్టమైనదేదో, దేవునికి ఇష్టమైనదేదో రెండూ స్పష్టంగా కనబడవు. రోమీయులకు రాసిన పత్రిక 12వ అధ్యాయంలో మొదటి రెండు వచనాలు మరొకసారి నెమ్మదిగా చదవండి. పౌలు ముందుగా మీ శరీరాలను సజీవయాగంగా సమర్పించుకోండి అంటాడు, ఆ తరువాతనే దేవుని చిత్తమేదో పరీక్షించి తెలుసుకోవడం గురించి చెబుతాడు. తెలిశాక సమర్పించుకోమని ఆయన ఎక్కడా అనలేదు. మీకున్న దినాన్ని, మీ చేతిలో ఉన్న పనిని ప్రభువుకు అప్పగించారంటే, చిత్తం తెలుసుకునే దారిలో మీరు ఇప్పటికే ఉన్నట్లే.

‘సేవ’ అనే మాటను ప్రసంగ వేదికకు, పాటల బృందానికి పరిమితం చేసి మన సంఘాలు యవనస్థులకు నష్టం కలిగించాయని నేను గట్టిగా నమ్ముతున్నాను. దేవుని ఆత్మతో నింపితినని దేవుడే పేరు పెట్టి చెప్పిన మొదటి మనిషి ప్రవక్తా కాడు, యాజకుడూ కాడు. బంగారం, వెండి, ఇత్తడి, రత్నాలు, కర్ర పనులు తెలిసిన బెసలేలు అతడు (నిర్గమకాండము 31:1–5). ఆ నైపుణ్యాన్ని లేఖనం అతని సొంత తెలివిగా వదిలేయలేదు, దేవుడిచ్చిన జ్ఞానమని పిలిచింది. మీ స్నేహితులు బైబిలు కాలేజీకి వెళ్లడం మంచిదే. వారి మార్గాన్ని చూసి మీ మార్గాన్ని తక్కువ చేసుకోవలసిన పని లేదు.

మీ ఉత్తరంలో ఉద్యోగం గురించి ఒక్క వాక్యమే రాసి ముందుకు వెళ్లిపోయారు. నేను అక్కడ కాసేపు ఆగాలనుకుంటున్నాను. రాత్రి షిఫ్టులో ఒక బ్యాచ్ శాంపిలు ఫలితం హద్దు దాటింది, తెల్లవారితే సరుకు లారీ ఎక్కాలని పైవారు తొందరపెడుతున్నారు అనుకోండి. వచ్చిన అంకెను ఉన్నదున్నట్టు పుస్తకంలో ఎక్కించి సంతకం చేయడమా, లేక కారణం వెతకకుండా పరీక్షను మళ్లీ మళ్లీ చేసి, నచ్చిన ఫలితాన్ని మాత్రమే ఉంచుకోవడమా అనే నిర్ణయం అప్పుడు మీ చేతిలో ఉంటుంది. ఆ మాత్ర మింగబోయే రోగి ఎవరో మీకు తెలియదు, మీ సంతకం సంగతి అతనికి ఎన్నటికీ తెలియదు. ఏమి చేసినా మనుష్యుల కోసం కాక ప్రభువు కోసమని మనస్ఫూర్తిగా చేయమని కొలొస్సయులకు 3:23 చెబుతుంది. ఆ మాటను పౌలు రాసింది తమ పనిని తాము ఎంచుకునే అవకాశమే లేని దాసులకు. పొరుగువాని ప్రాణాన్ని ఎవరూ చూడని చోట కాపాడటం పిలుపు కాకపోతే మరేది పిలుపు అవుతుందో నాకు తెలియదు.

ఇక లెక్కల సంగతి. మన ఇష్టం అనగానే అది శరీర సంబంధమైనదని అనుమానించడం మనకు అలవాటైపోయింది. అయితే మనలో ఇచ్ఛను కలిగించేదీ, ఆ పనిని నెరవేర్చేదీ దేవుడేనని ఫిలిప్పీయులకు 2:13 చెబుతుంది. అన్ని కోరికలూ ఆయన ఇచ్చినవే అని దీని అర్థం కాదు, పరీక్షించవలసినవి చాలా ఉంటాయి. ఆ పరీక్షకు నాకు ఆధారం దొర్కా వృత్తాంతం. యొప్పేలో ఆమె చనిపోయినప్పుడు విధవరాండ్రు మేడగదిలో పేతురు దగ్గర నిలిచి ఏడుస్తూ, ఆమె తమతో ఉన్నప్పుడు కుట్టిన అంగీలను, వస్త్రాలను చూపించారు (అపొస్తలుల కార్యములు 9:39). ఆమె దర్శనం చూసిందని గాని, బోధించిందని గాని అక్కడ రాసి లేదు. ఆమె దేనికి పుట్టిందో ఆ బట్టలు కట్టుకున్నవారికి తెలుసు. కాబట్టి మీ ప్రశ్నను మీలో మీరే తిప్పుకోవడం ఆపి, ఆ పిల్లల తల్లులను అడగండి. భిన్నాలు చూసి పలక పక్కన పెట్టేసిన పిల్ల ఇప్పుడు తనంతట తానే చేస్తోందా? మీరు పాఠం చెప్పని వారం పిల్లలు మీ గుమ్మం ముందు తచ్చాడుతున్నారా? మెచ్చుకునేవారు లేకపోయినా, విసిగించే పిల్లవాడు పక్కనే కూర్చున్నా మీకు ఆ పని మీద ఇష్టం తగ్గకుండా ఉంటోందా? వీటికి వచ్చే జవాబులు ఉపవాస ప్రార్థనకు వచ్చిన జవాబులో భాగమే కావచ్చు.

అంతమాత్రాన రేపే ఉద్యోగం మానేయమని నేను చెప్పను. ఒక సంవత్సరం పాటు ఆ తరగతిని నియమంగా, ఒక నిర్ణీత వేళకు నడపండి. మీ సంఘం సండే స్కూలు గదిని వారంలో ఒక సాయంత్రం అన్ని మతాల పిల్లలకూ లెక్కల కోసం తెరవమని కాపరిగారిని అడగండి. అప్పటికీ మనసు అటే లాగితే, ఎడ్‌సెట్ రాసి రెండేళ్ల బి.ఎడ్. చేసే ఆలోచన ఇంట్లో పెట్టవచ్చు. పెళ్లి సంబంధాల విషయంలో మాత్రం ఒక్క మాట: ఈ ఇష్టాన్ని అబ్బాయి తరఫువారికి మొదటి చూపుల్లోనే చెప్పేయండి, నిశ్చితార్థం దాకా దాచవద్దు.

పిలుపు అంటే చివర ఏమవుతుందో ముందే తెలియడం అనుకోకండి. లండన్ మిషనరీ సొసైటీ పంపగా జార్జ్ క్రాన్, అగస్టస్ డెస్‌గ్రాంజెస్ 1805లో మన విశాఖపట్నానికి వచ్చారు. వచ్చీ రాగానే తెలుగు నేర్చుకోవడంలో పడ్డారు, ఆనందరాయరు అనే తెలుగు బ్రాహ్మణ విశ్వాసి సహాయంతో సువార్తల అనువాదం సాగింది. క్రాన్ 1809లో, డెస్‌గ్రాంజెస్ 1810లో మరణించారు. ఆ అనువాదం శ్రీరాంపూర్‌లో అచ్చయింది 1812లో. తమ పని పుస్తకంగా మారడాన్ని ఆ ఇద్దరిలో ఒక్కరూ చూడలేదు. అప్పటిదాకా వారు చేసిందల్లా ఆ రోజుకు ఎదురైన వాక్యానికి సరైన తెలుగు మాట వెతకడమే.

ప్రశ్న: నేను స్టీల్ ప్లాంటు ఎలక్ట్రికల్ విభాగంలో రిటైరయ్యాను. ఇంట్లో ఊరకే కూర్చుంటే నా జీవితానికి ఇక ఉద్దేశమేమీ లేదనిపిస్తోంది. ఈ వయసులో పిలుపు గురించి ఆలోచించడం తగునా?
– ఒక పాఠకుడు, కూర్మన్నపాలెం

జవాబు: తప్పకుండా తగును. కాలేబు 85 ఏళ్ల వయసులో యెహోషువ ఎదుట నిలబడి, ఈ కొండ ప్రదేశాన్ని నాకు ఇవ్వు అని అడిగాడు (యెహోషువ 14:10–12). మిమ్మల్ని కొండలెక్కమని అడగడం లేదు, మీ చేతికి తెలిసిన పనినే చూడమంటున్నాను. మీ చుట్టుపక్కల ఐ.టి.ఐ. ఎలక్ట్రీషియన్ కోర్సు చదివే కుర్రాళ్లుంటారు. వారికి సిలబసు తెలుస్తుంది గాని, మెయిన్ ఆపి, కరెంటు లేదని టెస్టరుతో చూసుకున్నాకే తీగ మీద చేయి వేయాలన్న క్రమశిక్షణ మీలాంటి అనుభవజ్ఞుల పక్కన నిలబడితేనే అబ్బుతుంది. ఇద్దరు కుర్రాళ్లతో మొదలుపెట్టండి. మీ సంఘ భవనం వైరింగు, ఎర్తింగు సరిగా ఉన్నాయో లేదో వారిని వెంటబెట్టుకొని ఒకసారి పరీక్షించి, లోపాలను కాగితం మీద రాసి సంఘ పెద్దలకు ఇవ్వండి.