సంవత్సరీకానికి ‘జాంట్’ వెళ్లొచ్చా?

ప్రశ్న: మాస్టారూ, మా మామయ్య సంవత్సరీకానికి సామర్లకోట వెళ్లాలని ఆఫీసుకి సెలవు మెయిల్ పెట్టాను. ఎప్పుడూ ‘ట్రిప్’ అనే ఏం రాస్తాంలే అని డిక్షనరీ వెతికి ‘జాంట్’ (jaunt) అని రాశాను. మా మేనేజర్ నవ్వుతూ ‘బాగా ఎంజాయ్ చేసి రండి’ అన్నారు. చిన్న ప్రయాణమనేగా దాని అర్థం?
– ఒక పాఠకురాలు, కాకినాడ

జవాబు: దూరం లెక్కలో మీ తప్పేం లేదమ్మా. కాకినాడ నుంచి సామర్లకోట ఎంత, సుమారు 15 కిలోమీటర్లు. చిక్కల్లా వెళ్లే పనితోనే. జాంట్ చిన్న ప్రయాణమే కానీ సరదాకి వెళ్లేది. మీ మెయిల్ ‘తద్దినానికి షికారు వెళ్తున్నాను’ అన్నట్టు వచ్చింది. లాంచీలో పాపికొండలు చూసి సాయంత్రానికి ఇల్లు చేరితే మనకది జాంట్. ఆ లాంచీ నడిపే సరంగుకి మాత్రం డ్యూటీ!

16వ శతాబ్దంలో ఈ మాటలో సరదా ఏమీ లేదు. గుర్రాన్ని అటూ ఇటూ తోలి అలసట పెట్టడాన్ని అలా అనేవారు. తర్వాత ఒళ్లు హూనమయ్యే తిరుగుడికీ వాడారు. 17వ శతాబ్దంలో విహారమైంది. మన ‘షికారు’ కథా ఇంతే. పారసీలో అది వేట. మనం తుపాకీ దించేసి, మరమరాల పొట్లం పట్టుకుని గోదావరి గట్టున తిరగడానికి వాడుకుంటున్నాం. ఇక ‘వాహ్యాళి’ అంటే సంస్కృతంలో గుర్రాలు తిరిగే బాట. నన్నడిగితే జాంట్‌కి సరిజోడు ఇదే, గుర్రంతో సహా. పాపం, ఇప్పుడు పుస్తకాల్లో తప్ప వినబడదు.

ఐర్లండ్‌లో ‘జాంటింగ్ కార్’ అనే గుర్రబ్బండి ఉంది. మన జట్కాలా రెండు చక్రాలే. కాకపోతే జనం వీపు వీపు ఆనించి చెరో పక్కకీ తిరిగి కూర్చుంటారు. కిలార్నీలో పర్యాటకులను ఇప్పటికీ వాటిలో తిప్పుతారు.

స్పెల్లింగ్ చూసి కొందరు ‘జౌంట్’ అంటారు, అనకండి. హుషారుగా ఉండే మనిషిని ‘జాంటీ’ అంటారే, అది దీని చుట్టం కాదు, ఫ్రెంచి ‘జాంతీ’ నుంచి వచ్చింది.

ఈసారి ‘ట్రిప్’ అనే రాయండి. అసలు ‘సంవత్సరీకానికి సామర్లకోట వెళ్తున్నాను’ అంటే చాలు. జాంట్‌కి ఎత్తిపొడుపు వాడకమూ ఉంది. సర్కారు సొమ్ముతో విదేశాలు చుట్టొచ్చే నాయకుల గురించి పత్రికలు ‘ఫారిన్ జాంట్’ అని రాస్తుంటాయి. మీ మేనేజర్‌గారు కంపెనీ ఖర్చుతో గోవాలో మీటింగ్ పెట్టుకున్నప్పుడు పనికొస్తుంది, దాచుకోండి.